బంగారం పరుగెత్తని శనివారం

మాంచెస్టర్‌లో తెలుగువాళ్ళ ఫంక్షన్ ఏదైనా సరే, భోజనాల దగ్గర ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడుగుతారు. "మీరూ డాక్టరేనటగా అండీ! ఏ హాస్పిటల్?"

"హాస్పిటల్ కాదండీ, లాయం."

"అంటే?"

"గుర్రాలు."

ఆ మనిషి మా ఆయన వైపు తిరిగి, "మీరు మాత్రం మనుషులకేగా?" అని అడిగి ఊపిరి పీల్చుకుంటాడు. మా ఆయన ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. "నా పేషెంట్లు నిద్రపోతారు, శకుంతల పేషెంట్లు తంతాయి" అని పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే జోకు వేస్తున్నాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేనే మానేశాను.

పోయినేడు రిటైరయ్యాను. యార్క్‌షైర్‌లో పందెపు గుర్రాలను పెంచే యార్డుల చుట్టూ పశువైద్యురాలిగా తిరగడమే నా ఉద్యోగం. ఇప్పుడు మన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "ఆంటీ, నేనూ గుర్రాల వైపు వద్దామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. లండన్ పక్కన హౌన్స్‌లో అనే ఊరి నుంచి ఒకమ్మాయి ఏకంగా ట్రైనర్ అవుతానంటోంది. వాళ్ళమ్మ విడిగా ఫోన్ చేసి ఏడుస్తోంది. తల్లికీ కూతురికీ కలిపి ఒకటే సమాధానం రాసేద్దామని కూర్చున్నాను. ఏ పరీక్ష ఎన్నిసార్లు తప్పాను, ఎప్పుడు పార్ట్‌నర్‌నయ్యాను లాంటివి ఇందులో ఉండవు. అవి రాస్తే నాకూ నిద్రొస్తుంది, చదివితే మీకూ వస్తుంది.

ఈల

మొదట్లో నాకు దొరికిన పని రేసుకోర్సులో శాంపిళ్ళు తీయడం. పరుగు అయ్యాక గెలిచిన గుర్రాన్ని ఒక గదిలోకి తెస్తారు. మిగతావాటిలో కూడా అధికారులు ఏదో ఒకటి రెండు ఎంచి పంపుతారు. ఒంట్లో ఉండకూడని మందేమైనా ఉందేమో చూడడానికి వాటి మూత్రం పట్టాలి. గుర్రానికి 'పోయమ్మా' అని చెబితే పోయదు కదా. మెత్తగా గడ్డి పరిచి, పక్కన నిలబడి ఈల వేయాలి. చిన్నప్పటినుంచీ లాయంలో ఆ ఈలకు అలవాటు చేస్తారు గనక అప్పుడు పోస్తుంది.

ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమని మా నాయనమ్మ నా చిన్నతనంలో మూతి మీద ఒక్కటి ఇచ్చింది. ఆ దెబ్బకి నాకు ఈల రాకుండానే పోయింది. మా మొదటి బాస్ హెరాల్డ్, కళ్ళద్దాల పైనుంచి చూసే మనిషి, "ఇంత చదువుకుని ఈల రాదా నీకు?" అని నిజంగానే దిగులుపడ్డాడు. ఇంటికెళ్ళి బాత్రూంలో ప్రాక్టీసు మొదలుపెట్టాను. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మా ఆయన లేచి కూర్చునేవాడు. పక్క ఫ్లాట్ ఆవిడ ఆ ఈలలు తనకోసం మా ఆయన వేస్తున్నాడనుకుని కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు.

నవ్వులాటకి చెప్పడంలేదు, ఆ గదిలో నేను నేర్చుకున్నది చివరిదాకా నాతో వచ్చింది. గుర్రం ఒంట్లో ఉండకూడనిది దొరికితే, ఎవరు పెట్టారు, తెలిసి పెట్టారా, ప్రేమతో పెట్టారా అన్న ప్రశ్నలన్నీ తరవాతివి. జవాబుదారీ మాత్రం ట్రైనరే. లాయం కుర్రాడొకడు తన కాఫీ కప్పు అడుగున మిగిలింది గుర్రంచేత నాకించాడు, ముద్దొచ్చి. కాఫీలో ఉండే కెఫీనూ నిషిద్ధమే, గెలిచిన పందెం పోయింది. ట్రైనర్ తల వంచుకుని అధికారుల ముందు నిలబడ్డాడు. గెలుపు ఒక్కటే పోతే ఫరవాలేదు, ఆయన మాట మీద నమ్మకం కూడా పోయింది.

కుర్ర ట్రైనర్లు

లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన ట్రైనర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు హెరాల్డ్ నాకొక సలహా ఇచ్చాడు. "గుర్రాన్ని చూసే ముందు, యజమాని చివరిసారి ఎప్పుడు ఫోన్ చేశాడో అడుగు" అన్నాడు. మొదట అర్థం కాలేదు. నాలుగు యార్డులు తిరిగేసరికి బాగానే అర్థమైంది. సగం జబ్బులు యజమాని ఫోన్‌లోంచి పుడతాయి. 'మా గుర్రం ఎప్పుడు పరుగెడుతుంది' అని ఆయన అడగ్గానే కుర్ర ట్రైనర్‌కి గుండె దడ పట్టుకుంటుంది, సిద్ధంగా లేని గుర్రాన్ని సిద్ధం చేసేస్తాడు.

ఒక కుర్ర ట్రైనర్ దగ్గర గుర్రం పెట్టిన యజమాని కుటుంబమంతా పుట్టినరోజు పార్టీకి రేసుకోర్సులో గది బుక్ చేసుకున్నారు. ఆ వారంలోనే గుర్రం ముందు కాలు కుంటింది. "డాక్టర్, కొంచెం కుంటుతోంది అంటే, ఎంత కొంచెం?" అని ఆ ట్రైనర్ అడిగాడు. "నీ కాలైతే ఆఫీసుకి సెలవు పెట్టేంత" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు గానీ మాట విన్నాడు. వినని వాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇళ్ళు అమ్మిపెట్టే పనిలో ఉన్నారు, బాగానే ఉన్నారట.

ఇంకో జబ్బు యంత్రాలు. గుర్రం నడవడానికో యంత్రం, ఈదడానికో తొట్టి, కాళ్ళకి చన్నీళ్ళ బూట్లు, గుండె చప్పుడు ఫోన్‌లో చూసుకునే పట్టీ. అన్నీ మంచివే, కాదనను. కానీ ఇవన్నీ కొన్న కుర్రాడు పొద్దున్నే గుర్రం దాణా వదిలేసిందా తిన్నదా అని తొట్టిలోకి ఒకసారి తొంగి చూడడు. తొంగి చూడడానికి యాప్ లేదని కాబోలు.

అరటిపండు పిల్లలు

అప్రెంటిస్ జాకీ అంటే పని నేర్చుకుంటున్న జాకీ. ఒక ట్రైనర్ దగ్గరే ఉంటారు. తెల్లారకముందే లేచి లాయం ఊడ్చి, గుర్రాలను తిప్పుకొచ్చి, మధ్యాహ్నం అదృష్టం ఉంటే పందెంలో ఎక్కుతారు. అనుభవం తక్కువ గనక వాళ్ళెక్కిన గుర్రం మోయాల్సిన బరువులో కొన్ని పౌండ్లు తగ్గిస్తారు. ఆ తగ్గింపు కోసమే వాళ్ళని పిలుస్తారు. గెలుపులు పెరిగేకొద్దీ తగ్గింపు తరిగిపోతుంది. పూర్తిగా పోయిన నాటినుంచి ఫోన్ మోగడం మానేస్తుంది. పంతొమ్మిదేళ్ళకే అందరికీ కావాల్సిన పిల్ల, ఇరవైరెండేళ్ళకి ఎవరికీ అక్కర్లేని జాకీ కావడం చాలాసార్లు చూశాను. ఆ మధ్య కాలంలో పనిమంతురాలిగా నిలబెట్టాల్సింది ట్రైనరే.

తిండి సంగతి చెప్పాలా? "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంటే "అరటిపండు, సగం." "రాత్రి?" "మిగతా సగం." గుర్రానికి దాణా తూచి వేసే ట్రైనర్‌కి, దాని మీద కూర్చునే పిల్ల ఏం తిన్నదో తెలియదు. ఇప్పుడు తిండి నిపుణులూ, మాట్లాడి ధైర్యం చెప్పేవాళ్ళూ వచ్చారు, చాలా మంచిదైంది. అయినా నేను యార్డుకి వెళ్ళినప్పుడల్లా డబ్బాలో ఇడ్లీలు తీసుకెళ్ళేదాన్ని. నిఖిల్ అనే మన తెలుగు ట్రైనర్ యార్డులోని ఎల్లీ అనే పిల్ల ఇడ్లీని వేలితో నొక్కి చూసి, "ఇందులో గాలే కదా ఉంది?" అని అడిగి, తెచ్చినవన్నీ తినేసింది. అలా పరిచయమైంది.

ఇక ఎల్లీ గురించీ నిఖిల్ గురించీ చెబుతాను. నేను చెప్పదలచుకున్నదంతా వాళ్ళిద్దరి దగ్గరే ఉంది.

నిఖిల్

నిఖిల్ అమ్మానాన్నలిద్దరూ మాంచెస్టర్‌లో డాక్టర్లు, మనుషులకే. వాళ్ళమ్మ సుజాత జీపీ, అంటే పేటలో క్లినిక్ డాక్టరు. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "అక్కా, డాక్టరు కాకపోతే పోయె, వెట్ చదువుతానన్నాడు, నిన్ను చూసి సరే అన్నాం. ఇప్పుడు అదీ వదిలేసి గుర్రాలు తోలుకుంటాడట. నలుగురిలో ఏమని చెప్పుకోవాలి? నువ్వే పాడుచేశావు వాణ్ణి!" అంది. నేను ఏం చేశానో నాకిప్పటికీ తెలియదు. వాడి పదో ఏట ఒక గుర్రప్పిల్ల పుట్టడం చూపించాను, అంతే.

నిఖిల్‌ని అడిగితే, "తోలడం కాదాంటీ, ట్రెయిన్ చేస్తున్నా. మామ్‌కి డిఫరెన్స్ చెప్పండి ప్లీజ్" అన్నాడు. కొండ వాలులో పాత యార్డొకటి అద్దెకు తీసుకుని, ఎవరూ కొనని గుర్రాలు నాలుగు కట్టేసుకుని మొదలుపెట్టాడు. అప్పుడు చేరింది ఎల్లీ. సముద్రపు ఒడ్డున చేపల ఊరు వాళ్ళది, అమ్మ చిప్స్ షాపులో పని చేస్తుంది. రేసింగ్ స్కూల్లో చేరేదాకా గుర్రాన్ని ముట్టుకుని ఎరగదు.

వాడు పిల్లకి పని నేర్పిన తీరు నాకు నచ్చింది. ప్రతి పందేనికి ముందూ ట్రాక్ అంతా ఆమెతో కలిసి నడిచేవాడు. ఎక్కడ నేల మెత్తగా ఉంది, ఎక్కడ గాలి ఎదురు కొడుతుంది అని చెప్పడు, అడుగుతాడు. పరుగు పాడుచేసుకుని వచ్చినా యజమానుల ముందు పల్లెత్తు మాట అనడు. ఇంటికి వెళ్తూ కారులో మాత్రం, "ఆ మలుపు దగ్గర నీకేం కనిపించింది?" అని మొదలుపెడతాడు. ఎల్లీ నాతో అంది, "అరిస్తే బావుండు డాక్టర్, అరిస్తే నిద్రపోవచ్చు. ఈయన అడుగుతాడు, ఆలోచించుకుంటూ ఇంటిదాకా రావాలి." ఆమె మాటలు యార్క్‌షైర్ తీరపు యాసలో ఉంటాయి. తెలుగులో రాస్తే ఆ విసురు పోతోంది, క్షమించాలి.

ఒక గుర్రం, ఊరంత యజమానులు

లండన్ అవతల బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసే ప్రసాదరావు గారు గుంటూరాయన. ఆఫీసువాళ్ళతో ఒకసారి రేసులకి వెళ్ళి, టోపీలూ బ్యాండు మేళాలూ చూసి ముగ్ధుడై, తెలిసినవాళ్ళందర్నీ పోగేసి ఒక గుర్రాన్ని కొనిపించాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే హౌన్స్‌లో ఊరి కుర్రాళ్ళు, మాంచెస్టర్ డాక్టర్లు, అందరికీ తలా ఒక వాటా. మనవాడే కదా అని నిఖిల్ దగ్గర పెట్టారు. గుర్రం పేరు బంగారం. మైకులో ఇంగ్లీషాయన 'బ్యాంగరామ్' అనేవాడు. లాయం పిల్లలు 'బ్యాంగర్' అనేవారు, అంటే వాళ్ళ భాషలో సాసేజి, వేయించుకు తినే మాంసపు చుట్ట. గుర్రం మాత్రం ఎవరెలా పిలిచినా పలికేది.

పలకడమే కాదు, పరుగెత్తింది కూడా. ఎల్లీ ఎక్కితే ఇంకా బాగా పరుగెత్తేది. చిన్న చిన్న పందేల్లో గెలిచి, చివరికి టీవీలో చూపించే పెద్ద శనివారం పందెంలో చోటు సంపాదించుకుంది. అప్పుడు మొదలైంది మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో గోల. పేరున్న జాకీని పెట్టాలని ప్రసాదరావు గారు పట్టుబట్టారు.

"ఏం బాబూ నిఖిల్, టీవీలో వస్తుంటే డిస్కౌంట్ పిల్లని కూర్చోపెడతావా? పరువేం కాను?"

"అంకుల్, బంగారం ఎల్లీ కోసం రన్ చేస్తాడు. పొద్దున్నే తిప్పేది ఎల్లీయే. వెయిట్ కూడా తగ్గుతుంది."

"సరే, ఈసారికి నీ మాట. తేడా వచ్చిందనుకో, గుర్రం సౌత్‌లో పెద్ద యార్డుకి వెళ్ళిపోతుంది. ఏమీ అనుకోకూడదు."

నిఖిల్ ఏమీ అనుకోలేదన్నాడు గానీ నాకు తెలుసు. బంగారం వెళ్ళిపోతే ఆ యార్డులో మిగిలేవి పేరుకే గుర్రాలు. ఒకరు వెళ్తే ఇంకొకరు వెళ్తారు. ఎల్లీకైతే ఇలాంటి శనివారం ఇంకోటి వస్తుందని ఎవరూ చెప్పలేరు. వాళ్ళమ్మ షాపుకి సెలవు పెట్టి, ఇద్దరు స్నేహితురాళ్ళతో కోచ్ బస్సులో బయల్దేరుతోంది.

గ్రూపులో అసలు చర్చ మాత్రం రాహుకాలం మీద నడిచింది. శనివారం పొద్దున తొమ్మిదికి మొదలవుతుంది గనక గుర్రం లారీ అంతకు ముందే యార్డు దాటాలని ప్రసాదరావు గారి భార్య రాజేశ్వరి తేల్చింది. యార్క్‌షైర్ సూర్యోదయం ప్రకారం లెక్క కట్టాలా, గుంటూరు ప్రకారమా అని ఒక రోజంతా వాదించుకున్నారు. చివరికి రెండింటికీ ముందే బయల్దేరేలా నిర్ణయించారు. ముందురోజే వచ్చి దగ్గర్లో హోటల్లో దిగి, తెల్లారగానే యార్డుకెళ్ళి, గుర్రానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి సాగనంపారట. నేను అక్కడ లేను. నేరుగా రేసుకోర్సుకి వెళ్ళాను.

కార్ పార్క్

అక్కడి కార్ పార్కులో ఒక పక్క టోపీలవాళ్ళు షాంపేను తాగుతుంటే, ఇంకో పక్క మనవాళ్ళు కారు డిక్కీలు తెరిచి పులిహోర పంచుతున్నారు. ఎండగా ఉంది. రాజేశ్వరి నన్ను చూడగానే ఎదురొచ్చి, "అక్కా, ముందు ప్రసాదం తీసుకో" అని చేతిలో లడ్డు పెట్టింది.

నోట్లో వేసుకున్నాను. అంత మంచి లడ్డు ఈ దేశంలో తినలేదు. నేతి వాసన, ఏలకులు, ఆ వెనకే నాలుక మీద చల్లగా ఇంకోటి తగిలింది.

"రాజేశ్వరీ, పచ్చకర్పూరం వేశావా?"

"వెయ్యకపోతే ప్రసాదం రుచి ఎలా వస్తుందక్కా? చిటికెడే." ఆమె ముఖం వెలిగిపోయింది. "మన బంగారానికీ ఎంత నచ్చిందో! పొద్దున కొబ్బరికాయ కొట్టాక అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఇంత ముక్క చేత్తో పెట్టాను. చెయ్యంతా నాకేశాడు నా తండ్రి!"

నా నోట్లో లడ్డు అక్కడే ఆగిపోయింది. పరుగు రోజున గుర్రం ఒంట్లో ఉండకూడనివాటిలో కర్పూరం ఒకటి. కాఫీలూ చాక్లెట్లూ పెట్టొద్దని నిఖిల్ వాళ్ళకి ముందే చెప్పాడు. దేవుడి ప్రసాదం ఆ లెక్కలోకి వస్తుందని ఎవరికి తడుతుంది? ఆమె ఎంత ప్రేమగా పెట్టిందో చూస్తే తిట్టడానికి కూడా నోరు రాలేదు. "ఇప్పుడే వస్తా" అని నిఖిల్‌ని వెతుక్కుంటూ పరుగెత్తాను. మోకాళ్ళు అరిగిన మనిషిని, పరుగంటే మరీ ఊహించుకోకండి.

సంగతి చెప్పాను.

"ఎంత తిన్నాడాంటీ?"

"ఒక ముక్కట."

"టెస్ట్‌లో దొరుకుతుందా?"

"దొరకొచ్చు. దొరక్కపోవచ్చు."

కాసేపు బూట్ల వైపు చూశాడు. "విన్నర్‌నే కదా డెఫినెట్‌గా టెస్ట్ చేసేది. మిగతావాళ్ళని పిలవొచ్చు, పిలవకపోవచ్చు."

"అంటే గెలవకూడదని మొక్కుకుని పరుగెత్తిస్తావా?" అన్నాను. మామూలుగా అయితే నవ్వేవాడు.

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. మంచి పిల్లాడు. కానీ ఆ నిమిషంలో వాడి కళ్ళముందు యార్డు అద్దె, లాయం పిల్లల జీతాలు, సౌత్‌కి వెళ్ళే లారీ, వాళ్ళమ్మ ముఖం అన్నీ తిరుగుతున్నాయని తెలుస్తూనే ఉంది. వాడు వెళ్ళి అధికారులకి చెప్పకపోతే నేనే చెప్పాలి. ఆ మాట అనబోతుంటే, "ముందు ఎల్లీకి చెప్పాలి" అని తూకం గది వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

తూకం గది గుమ్మం

జాకీలు బరువు చూపించుకునే గది అది. లోపలికి అందర్నీ రానివ్వరు గనక ఎల్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది. పసుపు చొక్కా, దానికి ఎర్ర చేతులు. పసుపు కుంకుమల్లా ఉండాలని రాజేశ్వరి ఎంచిన రంగులు. పిల్ల దీపంలా ఉంది. నిఖిల్ గొంతు తగ్గించి జరిగింది చెప్పాడు. చెప్పాడు గానీ, ఏం చేయబోతున్నాడో చెప్పలేదు. అక్కడ ఆగిపోయాడు.

ఎల్లీ వాడి ముఖం చూసింది, నా ముఖం చూసింది. తరవాత చాలా మామూలుగా, టీ పెట్టి తెస్తానన్నట్టు, "మూడో స్థానంలోకి తెస్తాను బాస్" అంది.

"ఏంటి?"

"గెలవను. చివర్లో కొంచెం ఆలస్యంగా కదులుతాను. ఎవరూ కనిపెట్టలేరు. మూడోదాన్ని టెస్ట్‌కి పిలవకపోవచ్చు. మంచిగా పరుగెత్తాడని వాళ్ళూ సంతోషిస్తారు, బ్యాంగర్ మన దగ్గరే ఉంటాడు."

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పాలి. గెలవగల గుర్రాన్ని జాకీ కావాలని ఆపడం కంటే పెద్ద తప్పు ఈ వృత్తిలో లేదు. పట్టుబడితే ఆ పిల్ల బతుకు అక్కడితో సరి. పట్టుబడకపోతే ఇంకా ఘోరం, రెండోసారి సులువవుతుంది. అది ఆమెకు తెలియక కాదు. తన జీవితంలో వచ్చిన ఒకే ఒక్క పెద్ద రోజునీ, రాబోయే రోజులన్నిటినీ ఈ అబ్బాయి కోసం ఇచ్చేస్తోంది.

"ఆ మాట నీకెవరు నేర్పారు?" అన్నాడు నిఖిల్.

"ఎవరూ నేర్పలేదు. మీరు ఆలోచిస్తున్నారు కదా. నేనూ ఆలోచించాను."

వాడు ఆమె పక్కనుంచి లోపలికి వెళ్ళి, అధికారుల గది తలుపు కొట్టాడు.

ప్రకటన

బంగారం పరుగెత్తడం లేదని మైకులో చెప్పారు. కార్ పార్కులో మనవాళ్ళ చేతుల్లో పులిహోర ప్లేట్లు అలాగే ఆగిపోయాయి. నిఖిల్ వచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. "గుర్రం తినకూడనిది తిన్నాడు. నా యార్డులో తిన్నాడు, రెస్పాన్సిబిలిటీ నాదే. సారీ" అన్నాడు. ఎవరు పెట్టారో చెప్పలేదు.

ప్రసాదరావు గారు ఇంతెత్తున లేచారు. "ఏం తినిపించావయ్యా నా గుర్రానికి? బ్రాక్‌నెల్ నుంచి ఇంతమందిని తీసుకొచ్చానే, నా ముఖం ఎక్కడ పెట్టుకోను? సౌత్‌లో అయితే ఇలా జరిగేదా? సోమవారమే లారీ పంపిస్తా!"

రాజేశ్వరి నా వైపు చూసింది. ఇందాక నేను పరుగెత్తడం, ఇప్పుడీ మాట, రెండూ కలుపుకుంది. "అక్కా, లడ్డూయేనా?" అని నోరు కదిపింది. నేను తలూపాను.

"ఆ అబ్బాయిని అనకండి. పెట్టింది నేను" అంది.

"ఏం పెట్టావు?"

"లడ్డు."

"గుర్రానికి లడ్డు ఎవరైనా పెడతారుటే!"

"మీకు షుగర్ ఉన్నా అడిగితే పెట్టడం లేదూ? వాడూ అలాగే చూశాడు, పెట్టాను!" అని ఒక్కసారిగా ఏడ్చేసింది. "తెలిసి కూడా నా పేరు బయటపెట్టలేదు చూడండి. మన నిఖిల్‌ని అంటారా మీరు?"

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. రాజేశ్వరి కళ్ళు తుడుచుకుని అటు పక్కన తల్లితో నిలబడ్డ ఎల్లీ దగ్గరికి నడిచింది. "నీ నోటి దగ్గర ముద్ద తీసేశాను తల్లీ" అని తెలుగులోనే చెప్పి వాటేసుకుంది. ఎల్లీకి మాటలు అర్థం కాలేదు. అప్పటిదాకా ఏడవని పిల్ల ఆ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ళమ్మ పక్కన నిలబడి ఇద్దరి వీపులూ నిమిరింది.

ఆ పందెం చాలా నెమ్మదిగా సాగిందనీ, బంగారం ఉంటే అవలీలగా గెలిచేదనీ అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అధికారులు యార్డుకి వచ్చి చూసి, సందర్శకుల విషయంలో గట్టిగా హెచ్చరించి వెళ్ళారు. గుర్రాన్ని ఉంచాలా తీసేయాలా అని గ్రూపులో ఓటింగ్ పెట్టారు. "గుర్రం కదిలితే నేనూ దాంతోపాటే లారీ ఎక్కుతా" అని రాజేశ్వరి ఇంట్లో చెప్పిందట. ప్రసాదరావు గారు ఉంచాలనే ఓటేశారు. కొందరు అలిగి వాటాలు వదులుకున్నారు. స్వల్ప తేడాతో బంగారం నిలిచింది.

మీలో ట్రైనర్లు అవుదామనుకునేవాళ్ళు ఒకటి గమనించండి. నిఖిల్ ఆ పిల్లకి ట్రాక్ నడవడం నేర్పాడు, మలుపులు నేర్పాడు, ఓపిక నేర్పాడు. గుమ్మంలో అరనిమిషం తటపటాయించాడు, అదీ నేర్చుకుంది. మీ దగ్గర పనిచేసే పిల్లలు మీ మాటలకంటే మీ ముఖం ఎక్కువ చదువుతారు. ముఖం మీద ఏం రాసుకుని వెళ్తున్నారో చూసుకుని వెళ్ళండి.

సోమవారం

ఇంకో గుర్రం డెక్క చూడడానికి సోమవారం పొద్దున్నే యార్డుకి వెళ్ళాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. బంగారం గదిలో ఎల్లీ జీను బిగిస్తోంది, నిఖిల్ కళ్ళెం పట్టుకున్నాడు. నేను పక్క గదిలో డెక్క ఎత్తి పట్టుకుని ఉన్నాను. వాళ్ళకి నేనున్నట్టు తెలుసు, అయినా ఎల్లీ ఆగలేదు.

"బాస్, శనివారం నేనన్న మాట. కంగారులో అన్నది కాదు. మీరు ఊ అని ఉంటే నిజంగా చేసేదాన్ని."

నిఖిల్ గుర్రం నుదురు నిమిరాడు.

"తెలుసు," అన్నాడు. "అందుకే వెళ్ళి ఆ తలుపు కొట్టాను."

ఎల్లీ హెల్మెట్ బిగించుకుని ఎడమ కాలు వెనక్కి మడిచింది. వాడు వంగి ఆ కాలు పట్టుకుని, ఆమెను జీను మీదికి ఎత్తాడు.